భాగహారం కార్డులు బయటికి తీస్తే చాలు, కడుపునొప్పి అంటోంది

ఖమ్మం దగ్గరి ఒక చిన్న పట్టణం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడతారు. భర్తకు హార్డ్‌వేర్ షాపు ఉంది. పెద్దవాడు ఏడో తరగతి, లెక్కల్లో చురుకు. దిగులంతా చిన్నమ్మాయి గురించే. ఇంగ్లీషు మీడియం స్కూల్లో నాలుగో తరగతి చదువుతోంది. అర్ధసంవత్సర పరీక్షలయ్యాక టీచరు డైరీలో "టేబుల్స్ వీక్, ఇంట్లో డివిజన్ ప్రాక్టీస్ చేయించండి" అని రాసి పంపారు. అది చూసి తండ్రి పట్టుదలకు పోయారు. అట్టముక్కలు కోసి, 2 నుంచి 9 వరకు భాగహారాలన్నీ రాసి 64 ఫ్లాష్ కార్డులు తయారుచేశారు. రోజూ షాపు కట్టేసి వచ్చాక, రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కార్డులు చూపిస్తారు. మూడు సెకన్లలో జవాబు రావాలి. రాకపోతే కార్డు ఎడమవైపు పడుతుంది. ఆ కుప్ప పెరిగే కొద్దీ ఆయన గొంతూ పెరుగుతుంది.

56 ÷ 7 అని కార్డు చూపిస్తే పాప "సెవెన్ వన్ జా సెవెన్, సెవెన్ టూ జా ఫోర్టీన్" అని మొదటి నుంచి గొణుక్కుంటూ, వేళ్ళు మడుస్తూ పోతుంది. యాభై ఆరు దాకా వచ్చేసరికి టైం అయిపోతుంది. ఈలోపు అన్న వెనక నుంచి జవాబు అరిచేస్తాడు. "ఎక్కాలు తెలుగులో చెప్పించి ఉంటే ఈ బాధ ఉండేదా" అని నాయనమ్మ. ఇప్పుడు ఎనిమిదిన్నర దాటితే చాలు, పాపకు కడుపునొప్పి. పోయిన వారం కార్డులు కనిపించలేదు. వెతికితే బియ్యం డబ్బా అడుగున దొరికాయి. తండ్రి కొట్టలేదు గానీ "నీకు చదువు రాదు, వదిలెయ్" అన్నారు. పాప ఆ రాత్రి అన్నం తినలేదు.

మొన్న సంక్రాంతికి ఇదే పాపను 36 సకినాలు నాలుగు ఇళ్ళకు సమానంగా సర్దమంటే, నాలుగు డబ్బాలు పెట్టుకుని రెండేసి చొప్పున వేసుకుంటూ పోయి, చివర్లో ఒక్కోటి వేసి "తొమ్మిదేసి వచ్చాయమ్మా" అందట.

కార్డులు పూర్తిగా మానిపించాలా, ట్యూషన్‌లో వేయాలా, పక్కింటివాళ్ళు చెబుతున్న అబాకస్ క్లాసుకు పంపాలా అని ఆమె అడిగారు. మూడు వారాల్లో యూనిట్ టెస్టు ఉంది. "క్లాసులో అందరికీ వస్తోంది, మా పిల్లకే రావట్లేదు. నేను అడ్డుపడితే నా గారాబం వల్లే ఇలా తయారైందంటున్నారు. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. నాకూ భాగహారాలు సరిగా రావు. దానికి నా బుర్రే వచ్చిందేమో" అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా,

మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. డబ్బాలో 42 హుక్కులు మిగిలాయనుకోండి. జాకెట్టుకు ఆరు చొప్పున కుడితే ఎన్ని జాకెట్లకు సరిపోతాయో మీరు కాగితం, పెన్ను ముట్టకుండానే చెప్పేస్తారు. అది భాగహారమే. బళ్ళో నేర్పిన పద్ధతి, గీత గీసి, కింద రాసి తీసేసి, పై అంకె దించుకోవడం, మీకు మర్చిపోయి ఉండొచ్చు. పద్ధతి మర్చిపోవడం వేరు, లెక్క రాకపోవడం వేరు. పాపకు మీ బుర్ర వచ్చి ఉంటే అందులో దిగులుపడాల్సింది ఏమీ లేదు.

సకినాల సంగతి మీరు మాట వరసకు రాసినట్టున్నారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. నాలుగు డబ్బాల్లో రెండేసి వేస్తే ఒక విడతకు ఎనిమిది అయిపోతాయి. నాలుగు విడతలకు 32. మిగిలిన నాలుగూ తలా ఒకటి. ఏ ఎక్కమూ చెప్పకుండా, ఎవరూ నేర్పకుండా పాప 36 ÷ 4 చేసింది. సమానంగా పంచడం అంటే ఏమిటో, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. భాగహారం అర్థం కాని పిల్ల ఆ పని చేయలేదు.

మరి కార్డు చూస్తే ఎందుకు రావట్లేదు? కార్డు మీద జవాబు రాకపోవడానికి కారణం మూడు రకాలుగా ఉండొచ్చు. పైకి మాత్రం మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పెద్దవాళ్ళు అన్నిటికీ ఒకే మందు వేస్తారు. మొదటిది, పంచడం అంటేనే అర్థం కాకపోవడం. అది మీ పాపకు లేదు. రెండోది, ఎక్కం వరసగా అయితే వస్తుంది గానీ మధ్యలోంచి అడిగితే రాకపోవడం. ఇది ఉంది, మీరు రాసినదాన్ని బట్టే స్పష్టంగా తెలుస్తోంది. మూడోది, తెలిసిన జవాబు కూడా భయంతో నోటికి రాకపోవడం. ఇది ఈ మధ్యే తోడైంది, రోజురోజుకీ పెరుగుతోంది.

రెండోదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. అక్షరమాలలో 'మ' తర్వాత ఏముంది అని హఠాత్తుగా అడిగితే చాలామందిమి "ప ఫ బ భ మ" అని వెనక్కి వెళ్ళి అందుకుంటేగానీ 'య' చెప్పలేం. పాపకు ఏడో ఎక్కం అలాగే వచ్చు. పాటలాగా మొదటి నుంచి చివరిదాకా వచ్చు. పాటలోంచి ఒక్క ముక్క విడదీసి ఇవ్వమంటే రాదు. 56 ÷ 7 అనే కార్డు అడిగేది "ఏడును ఎన్నిసార్లు వేస్తే యాభై ఆరు" అనే. అంటే గుణకారాన్నే అవతలి కొస నుంచి అడగడం. "ఏడు ఎనిమిదులు?" అని విడిగా అడిగితే చప్పున రాని పిల్లకు, దాన్నే తిరగేసి అడిగితే ఎలా వస్తుంది? మీవారు చేయిస్తున్నది రెండో మెట్టు. మొదటి మెట్టు ఇంకా గట్టిపడలేదు.

రేపు వంట చేస్తూనో, మిషన్ దగ్గర కూర్చునో, మామూలుగా మాట్లాడుతున్నట్టు ఒకసారి అడిగి చూడండి. ఆరు నాలుగులు ఎంత, ఏడు ఎనిమిదులు ఎంత, మూడు తొమ్మిదులు ఎంత అని కలగాపులగంగా. పాప ఏ భాషలో నేర్చుకుందో ఆ భాషలోనే అడగండి. గుణకారానికి కూడా మొదటి నుంచి అందుకుంటుంటే కొన్నాళ్ళు భాగహారం కార్డులు పక్కన పెట్టి గుణకారం కార్డులే చేయించాలి. గుణకారం చప్పున చెప్పి, భాగహారం దగ్గర మాత్రమే ఆగుతుంటే, ఆ రెండింటికీ ఉన్న లంకె ఇంకా పడలేదన్నమాట. పగటిపూట మీ దగ్గర రెండూ చెప్పేసి రాత్రి నాన్న ముందు చెప్పలేకపోతుంటే లెక్కలతో ఇబ్బందే లేదు, అదంతా టెన్షన్. ఈ తేడా మీకు ఒకట్రెండు రోజుల్లో తెలిసిపోతుంది. ఏం చేయాలో దాన్ని బట్టే ఉంటుంది.

భయం సంగతి తేలిగ్గా తీసుకోకండి. మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద చేసిన పరిశోధన 2001లో అచ్చయింది. లెక్కలంటే భయపడేవాళ్ళకు, లెక్క చేస్తున్న సమయంలో మనసులో అంకెలు పట్టి ఉంచుకునే శక్తి తగ్గిపోతుందని అందులో తేలింది. పెద్ద పిల్లల పరిస్థితే అది. తొమ్మిదేళ్ళ పాప ఎక్కం గొణుక్కుంటూ వెళ్ళేటప్పుడు ఎన్ని వేళ్ళు మడిచిందో, ఇప్పుడు ఎంతకు చేరిందో, ఎక్కడ ఆగాలో మూడూ ఒకేసారి గుర్తుంచుకోవాలి. దాని మీద గడియారం, నాన్న మొహం, వెనక అన్న. నలభై రెండు దగ్గర లెక్క తప్పితే మళ్ళీ సెవెన్ వన్ జా సెవెన్. కడుపునొప్పి నాటకం అని ఎవరైనా అంటే నమ్మకండి. భయపడ్డ పిల్లలకు కడుపులో నిజంగానే నొప్పి వస్తుంది.

"అందరికీ వస్తోంది" అన్నారు. ప్రథమ్ సంస్థ నడిపే అసర్ సర్వే 2024 లెక్కల ప్రకారం, మన దేశంలో పల్లెల్లో ఐదో తరగతి చదువుతున్న పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు 30.7 శాతం. మూడో వంతు కూడా లేరు. దీన్ని చూసి ఊరుకోమని నేను చెప్పను. మీ పాప నాలుగో తరగతిలోనే ఉంది, ఆలస్యం ఏమీ కాలేదని చెప్పడానికి రాశాను.

ఇప్పుడు మీవారి గురించి. పొద్దంతా షాపులో నిలబడి వచ్చి, కూర్చుని 64 కార్డులు కోసి రాసిన తండ్రి మీద నాకు గౌరవమే కలిగింది. ఆయన పట్టుకున్న సాధనం కూడా మంచిదే. ఎక్కం పదిసార్లు ఇంపొజిషన్ రాయించడం కంటే, జవాబు కనబడకుండా అడిగి గుర్తు తెచ్చుకోమనడం ఎంతో మేలు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే అమెరికన్ పరిశోధకులు 2006లో దీని మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులకంటే, ఒకసారి చదివి తర్వాత చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. అది లెక్కల మీద చేసిన అధ్యయనం కాదు గానీ, కార్డుల వెనక ఉన్న సూత్రం అదే. అయితే అది పనిచేయాలంటే పిల్లకు ఎంతో కొంత గుర్తు రావాలి, రాకపోతే వెంటనే జవాబు విని మళ్ళీ చెప్పే అవకాశం ఉండాలి. మీ ఇంట్లో రాని కార్డు ఎడమవైపు పడి అక్కడే ఉండిపోతోంది. నేర్పాల్సిన కార్డులన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి, వాటితో ఎవరూ ఏమీ చేయట్లేదు. రోజూ రాత్రి జరుగుతున్నది పరీక్షే, పాఠం జరగట్లేదు.

కాబట్టి మొదటి దారి, కార్డులు ఉంచి వాడే తీరు మార్చడం. నా ఓటు దీనికే. మిగతా దారులు తర్వాత చెబుతాను, ముందు ఇది ఎలాగో వివరంగా చూడండి.

64 కార్డుల కట్ట చూస్తే పెద్దవాళ్ళకే నీరసం వస్తుంది. నిజానికి గుర్తుంచుకోవాల్సినవి అన్ని లేవు. 7, 8, 56 ఒక కుటుంబం. 7 × 8, 8 × 7, 56 ÷ 7, 56 ÷ 8 నాలుగూ ఆ ఒక్క కుటుంబంలోవే. ఇలా చూస్తే 2 నుంచి 9 వరకు మొత్తం 36 కుటుంబాలు. రెండు, ఐదు ఎక్కాలు పాపకు ఈపాటికి వచ్చే ఉంటాయి. అవి ఉన్న కుటుంబాలు తీసేస్తే మిగిలేవి 21. వీటిలో తొమ్మిది ఉన్నవి ఆరు. తొమ్మిదితో భాగించడానికి ఒక కిటుకు ఉంది. 63 ÷ 9 అంటే 63లో పదుల స్థానంలో ఉన్న 6కు ఒకటి కలపాలి, 7. 72 ÷ 9కి 7కు ఒకటి కలిపితే 8. 18 నుంచి 81 దాకా అన్నిటికీ ఇదే. పాపకు ఇది చూపించండి, ఒక్క సాయంత్రంలో పట్టేస్తుంది. నాలుగుతో భాగించడమంటే సగం చేసి మళ్ళీ సగం చేయడం. 28లో సగం 14, అందులో సగం 7. నాలుగు ఉన్న కుటుంబాలు కూడా పక్కన పెడితే చివరికి ఎన్ని మిగిలాయో చూడండి. 9, 18, 21, 24, 36, 42, 48, 49, 56, 64. ఈ పది సంఖ్యల కుటుంబాలే నిజంగా బాగా సాధన కావాల్సినవి. మీవారికి ఈ జాబితా చూపించండి. లెక్కల మనిషి కదా, 64 ఎక్కడ, పది ఎక్కడ అని ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఒకటితో భాగించేవాటికి, సున్నాకు కార్డులు చేయనక్కర్లేదు. నోటితో చెబితే చాలు. 6 ÷ 1, 6 ÷ 6 దగ్గర మాత్రం పిల్లలు తికమకపడతారు. ఆరు హుక్కులు ఒకరికే ఇస్తే ఎన్ని, ఆరుగురికి పంచితే తలా ఎన్ని అని అడిగితే విడిపోతుంది.

కొత్త కార్డులకు ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖలు మూడు మూలలుగా కత్తిరించండి. పై మూలలో 56, కింది రెండు మూలల్లో 7, 8 రాయండి. బొటనవేలితో ఒక మూల మూసి అడగాలి. 56 మూస్తే గుణకారం, 8 మూస్తే భాగహారం. ఒకే ముక్క మీద రెండూ ఉండటంతో ఆ లంకె పాపకు కంటితోనే కనిపిస్తుంది. మీవారు రాసిన కార్డులు పారేయొద్దు, పాప చూస్తుండగా అసలు పారేయొద్దు. వాటి వెనక జవాబుగా వట్టి 8 అని ఉంటే, దాని కింద 7 × 8 = 56 అని కూడా రాయండి. త్రికోణం ముక్కలతో కొన్నాళ్ళు గడిచాక ఆ కార్డులే మళ్ళీ వాడాలి.

ఒక పూటకు పది కార్డులు చాలు. అందులో ఎనిమిది బాగా వచ్చినవి, రెండే కొత్తవి. చాలామంది దీన్ని తిరగేసి, రానివన్నీ ఏరి చేయిస్తారు. అలా చేస్తే పిల్లకు వరసగా ఓటమే. ఎక్కువ భాగం తెలిసినవే వస్తుంటే ధైర్యంగా కూర్చుంటుంది, మధ్యలో వచ్చిన కొత్తదాని మీద మనసు పెట్టగలుగుతుంది. జవాబు రాకపోతే నాలుగైదు క్షణాలు ఆగి మీరే చెప్పేయండి. "ఏడు ఎనిమిదులు యాభై ఆరు. యాభై ఆరులో ఏడు, ఎనిమిది సార్లు." పాప అదే తిరిగి అంటుంది. ఆ కార్డును కట్ట అడుగుకు పంపకుండా రెండు కార్డుల తర్వాత పెట్టండి. మళ్ళీ వచ్చినప్పుడు చెప్పగలుగుతుంది. మనం వెతుకుతున్న 'గుర్తు తెచ్చుకోవడం' అదే.

ఎక్కం మొదటి నుంచి అందుకుంటే ఆపకండి, వేళ్ళు మడిస్తే చేతులు పట్టుకోకండి. ఇంకొంచెం దగ్గరి నుంచి మొదలుపెట్టడం నేర్పండి. ఏడు ఐదులు ముప్పై ఐదు పాపకు వచ్చు కదా, అక్కణ్ణుంచి నలభై రెండు, నలభై తొమ్మిది, యాభై ఆరు. ఎనిమిది అడుగులు మూడయ్యాయి. కొన్నాళ్ళకు ఆ మూడూ అక్కర్లేకుండా పోతాయి.

వచ్చిన కార్డులు మర్చిపోకుండా మూడు కవర్లు పెట్టుకోండి. మొదటి కవర్లోవి రోజూ, రెండో కవర్లోవి రెండు రోజులకోసారి, మూడోదానిలోవి ఆదివారం మాత్రం. ఇబ్బంది లేకుండా చెబితే కార్డు పై కవర్లోకి వెళుతుంది, తప్పితే మళ్ళీ మొదటి కవర్లోకి. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, భాషలు నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా వాడతారు. కార్డును కవరు మార్చే పని పాపకే ఇవ్వండి. మూడో కవరు లావెక్కుతుంటే తనకు ఎంత వచ్చిందో తనకే తెలుస్తుంది.

సమయం కూడా మారాలి. రాత్రి తొమ్మిది చిన్నపిల్లకు నిద్ర వేళ. సాయంత్రం ఏదో తిని, కాసేపు ఆడుకుని వచ్చాక ఏడెనిమిది నిమిషాలు చాలు. ఆ వేళకు మీవారు షాపులో ఉంటారు కాబట్టి మీరే చేయించాల్సి వస్తుంది. ఇక్కడ మీకు ఒక అనుమానం రావచ్చు, నాకే రానిది నేనెలా చేయించను అని. జవాబు కార్డు మీదే ఉంటుంది. పైగా అర్థం చెప్పడంలో మీకున్న సదుపాయం ఆయనకు లేదు, హుక్కుల డబ్బా మీ దగ్గరుంది. 42 హుక్కులు లెక్కపెట్టి ఇచ్చి, జాకెట్టుకు ఆరేసి అయితే ఎన్ని జాకెట్లకు వస్తాయో పేర్చమనండి. తర్వాత అవే 42 ఆరు జాకెట్లకు సమానంగా పంచితే ఒక్కోదానికి ఎన్ని అని అడగండి. మొదటిది 'ఎన్నిసార్లు' అనే ప్రశ్న, రెండోది 'తలా ఎన్ని' అనే ప్రశ్న. రెండింటికీ 42 ÷ 6 అనే రాస్తాం, రెండింటికీ జవాబు 7. పాప సకినాలతో చేసింది రెండో రకం. మొదటి రకం కూడా చేతికి వస్తే, పెద్ద భాగహారాల్లో "ఇందులో ఇది ఎన్నిసార్లు పోతుంది" అనే ప్రశ్న దగ్గర తడబడదు.

మీవారిని తప్పించినట్టు కాకూడదు. ఆదివారం మూడో కవరు ఆయనకు ఇవ్వండి. అందులో పాపకు బాగా వచ్చినవే ఉంటాయి. తండ్రి ముందు పిల్ల చకచకా చెప్పడం ఆయన చూడాలి, పాపకూ ఆ అనుభవం కావాలి. ఇంకో పని, కార్డులు పాప చేతికిచ్చి ఆయన్ని అడగనివ్వండి. ఆయన జవాబు సరైనదో కాదో వెనక తిప్పి చూసేది పాపే. అడిగేవాళ్ళకు కూడా ఆ కుటుంబం నాలుగుసార్లు కంటబడుతుంది. ఆయనతో గొడవ పడకుండా ఇలా అని చూడండి: "ఏవండీ, కార్డులు మంచివే, అలాగే చేయిద్దాం. టైమర్ ఒక్కటి నెలరోజులు పక్కన పెడదాం. అప్పటికీ పనికాకపోతే మీరు చెప్పినట్టే చేద్దాం." నెల తర్వాత టైమర్ తేవాల్సి వస్తే, అప్పటికి పూర్తిగా వచ్చిన కార్డులకు మాత్రమే, అదీ పాప సరేనంటేనే. వేగం అవసరం లేదని నేను అనను. పెద్ద భాగహారం చేసేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఎక్కం వెతుక్కుంటే అసలు లెక్క తప్పిపోతుంది. అయితే సాధనతో వేగం దానంతటదే వస్తుంది, గడియారం చూపించి రప్పించలేం.

ఇక మీరడిగిన మిగతావి. కార్డులు పూర్తిగా మానిపిస్తే కడుపునొప్పి తగ్గుతుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. పాప మరీ బెదిరిపోయి ఉంటే వారం పది రోజులు మానడం మంచిదే. ఆ రోజుల్లో హుక్కులు, చింతగింజలు మాత్రం ఆడించండి. అంతకంటే ఎక్కువ కాలం వదిలేస్తే ఐదో తరగతిలో భిన్నాలు, క.సా.గు., గ.సా.భా. మొదలైనప్పుడు ఇదే ఇబ్బంది ఇంకా పెద్దదై ఎదురవుతుంది. "గొడవ చేస్తే మానేస్తారు" అని కూడా పాప అనుకోవచ్చు.

ట్యూషన్ అయితే మీ భార్యాభర్తల మధ్య ఈ గొడవ ఉండదు, అది చిన్న లాభం కాదు. ఐదారుగురు పిల్లలుండి, టీచరు ఒక్కొక్కరినీ పలకరించే చోటైతే ఆలోచించండి. ఇరవై మందిని కూర్చోబెట్టి స్కూలు హోంవర్కే మళ్ళీ చేయించే చోటైతే పాపకు ఆడుకునే గంట పోవడం తప్ప ఒరిగేది ఉండదు. చేర్చే ముందు ఒక్కటే అడగండి: "ఎక్కాలు మధ్యలోంచి అడిగితే రావట్లేదు, మీరు దీనికి ఏం చేయిస్తారు?" పది పదిహేనుసార్లు రాయిస్తాం అనే జవాబు వస్తే వద్దు.

అబాకస్‌లో మొదటి లెవెల్స్ అన్నీ పూసలతో కూడికలు, తీసివేతలే. గుణకారం, భాగహారం బాగా తర్వాత వస్తాయి. పాపకు ఇష్టమైతే సరదాగా పంపొచ్చు. ఇప్పుడున్న సమస్యకు అది మందు కాదు, యూనిట్ టెస్టుకు అసలే కాదు. ఫోన్లో లెక్కల ఆటలు కూడా అంతే, టైమర్ ఆపే వీలుంటే అప్పుడప్పుడు ఫర్వాలేదు.

మూడు వారాల్లో ఉన్న టెస్టుకు ఈ పది కుటుంబాలూ గట్టిపడవు. నాలుగైదు గట్టిపడితే మంచిదే. అందుకని టీచరును ఒకసారి కలవండి. "పాపకు భాగహారం అర్థమైంది, ఎక్కం గుర్తు తెచ్చుకోవడంలో ఆలస్యమవుతోంది, ఇంట్లో చేయిస్తున్నాం. పరీక్షలో ముందుగా రఫ్‌లో ఎక్కం రాసుకుని మొదలుపెట్టొచ్చా?" అని అడగండి. చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు. అలా చేస్తే చివరి ఒకటి రెండు లెక్కలకు టైం చాలకపోవచ్చు, చేసినవి మాత్రం సరిగ్గా వస్తాయి. అది కూడదంటే మార్కులు కొన్ని పోతాయి. నాలుగో తరగతి యూనిట్ టెస్టు మార్కులు పోతే పోనివ్వండి, దాని కోసం మళ్ళీ రాత్రి తొమ్మిదింటి స్టాప్‌వాచ్ దగ్గరికి వెళ్ళకండి.

నాయనమ్మ మాట పూర్తిగా కొట్టిపారేయను, తెలుగు ఎక్కాల లయ నాకూ ఇష్టమే. కానీ అంకెల జ్ఞాపకం ఏ భాషలో పడితే ఆ భాషలోనే చురుగ్గా పలుకుతుంది. ఇప్పుడు భాష మారిస్తే పాప మళ్ళీ మొదటికొస్తుంది. ఆవిడకు వేరే పని ఇవ్వండి. గుప్పెడు చింతగింజలు తీసి, పాపతో ఆరేసి కుప్పలు పెట్టించి, కుప్పలెన్ని, మిగిలిన గింజలెన్ని అని అడగమనండి. శేషం అంటే ఏమిటో పాపకు ఆ ఆటలోనే వచ్చేస్తుంది. పెద్దవాడికి మాత్రం గట్టిగా చెప్పండి, చెల్లి కార్డులు చేస్తున్నప్పుడు జవాబు చెప్పకూడదని. వాడు చెప్పిన ప్రతిసారీ చెల్లికి గుర్తు తెచ్చుకునే అవకాశం పోతుంది. ముక్కలు కత్తిరించడం, అంకెలు రాయడం వాడికి అప్పగించండి.

మీ గారాబం వల్లే అన్నమాట నిజం కాదు. రోజూ ఏడుస్తున్న పిల్ల గురించి తల్లి అడ్డుపడకపోతే ఇంకెవరు పడతారు? అడ్డుపడి ఊరుకోకుండా, మారుగా ఏం చేద్దామో చెప్పగలిగితే మీవారు కూడా వింటారు. "నీకు చదువు రాదు" అన్న మాట మాత్రం అలా వదిలేయకూడదు. అది అన్నది ఆయన కాబట్టి సరిచేయాల్సిందీ ఆయనే. పెద్ద మాటలు అక్కర్లేదు. "ఆ రోజు కోపంలో అన్నాను, అది నిజం కాదు. సకినాలు ఎలా పంచావో అమ్మ చెప్పింది" అంటే చాలు. కార్డులు దాచినందుకు పాపను ఇక ఏమీ అడగకండి. తట్టుకోలేకపోతున్నానని నోటితో చెప్పలేక అలా చేసింది.

ఇంకొక్క సంగతి. కొంతమంది పిల్లలకు అంకెలతో ఉండే ఇబ్బంది దీనికంటే లోతుగా ఉంటుంది, దాన్ని డిస్కాల్కులియా అంటారు. ఆ పిల్లలకు 38, 83లో ఏది పెద్దదో, వెనక్కి ఎలా లెక్కపెట్టాలో, గడియారం, చిల్లర డబ్బులు కూడా ఎంత నేర్పినా అంతుపట్టవు. మీరు రాసినదాంట్లో అలాంటి గుర్తులు నాకు కనిపించలేదు. ఒకవేళ ఇవి ఉన్నాయనిపిస్తే పిల్లల డాక్టరును అడిగి, అలాంటివి పరీక్షించే సైకాలజిస్టుకు చూపించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన ఇబ్బందులను కూడా గుర్తించింది. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. కళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేయించండి, బోర్డు మీద అంకె కనబడక వెనకబడే పిల్లలను నేను చూశాను.

రెండు నెలలు ఇలా చేసి చూసి మళ్ళీ రాయండి. ఏ కార్డులు ఇంకా మొదటి కవర్లోనే ఉండిపోయాయో వాటి జాబితా కూడా పంపండి. దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.